కాలవలకి నీళ్ళు వదిలేలోపు: ఆర్సీ (రిమోట్‌తో నడిచే బొమ్మ) పడవల వాళ్ళకి జాగ్రత్తలు

ధవళేశ్వరం నుంచి డెల్టా కాలవలకి నీళ్ళు వదిలేది మామూలుగా జూన్‌లో. ఆలోపే అటక మీది పడవని దించి, లోపలి పార్టులు ఒకదానికొకటి పొసగుతాయో లేదో చూసుకోండి. బోర్డు కాలితే అందరూ నీళ్ళనే తిడతారు గానీ, చాలాసార్లు తప్పు జతదే.

3ఎస్ లైపో (మూడు సెల్స్ లిథియం పాలిమర్ బ్యాటరీ) మీద 11.1 అని ఉన్నా, ఫుల్ ఛార్జిలో 12.6 వోల్టులు. 2ఎస్ (రెండు సెల్స్) పడవలో దాన్ని పెట్టి పాత ప్రొపెల్లరే ఉంచితే స్పీడు ఒకటిన్నర రెట్లవుతుంది, కరెంటు మాత్రం రెండింతలు దాటుతుంది. 20 ఆంపులు లాగే మోటారు 45 దాకా లాగొచ్చు. 30 ఆంపుల ఈఎస్‌సీ (మోటారు స్పీడుని అదుపు చేసే బోర్డు) అక్కడే పొగ వదులుతుంది. పైగా మన కాలవల్లో గుర్రపుడెక్క! దాని వేళ్ళు షాఫ్టుకి చుట్టుకుంటే మోటారు బిగుసుకుపోయి కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే మోటారు లాగేదానికి ఒకటిన్నర రెట్ల ఈఎస్‌సీ వేయండి. బ్యాటరీ కూడా అంత ఇవ్వగలగాలి: 2200 ఎంఏహెచ్, 25సీ (కెపాసిటీకి 25 రెట్ల కరెంటు) అంటే లెక్కకి 55 ఆంపులు. చవక ప్యాకయితే అందులో సగమే నమ్మండి. ఈఎస్‌సీ కటాఫ్ (బ్యాటరీ తగ్గగానే మోటారుని ఆపే సెట్టింగు) లైపో మోడ్‌లోనే ఉందా? నికెల్ మోడ్‌లో వదిలేస్తే సెల్స్ అడుగంటి ఉబ్బుతాయి.

ఎక్కువమంది పట్టించుకోనిది బెక్, అంటే రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌కీ, చుక్కాని తిప్పే చిన్న మోటారు సర్వోకీ బ్యాటరీ వోల్టేజిని తగ్గించి ఇచ్చే భాగం. లీనియర్ రకమైతే 12.6ని 5కి దించేటప్పుడు, సర్వో 2 ఆంపులు లాగితే 15 వాట్లు వేడిగానే పోతాయి. గాలాడని పడవ పొట్టలో అది వేడెక్కి ఆగిపోతుంది, రిసీవర్ చచ్చిపోతుంది. 5 వోల్టుల, 3 ఆంపుల స్విచింగ్ (తక్కువ వేడెక్కే) రకం బెక్ విడిగా పెట్టండి. అప్పుడు ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కి వెళ్ళే ప్లగ్గులో ఎర్ర తీగ తీసేయాలి: ప్లాస్టిక్ నాలుకని గుండుసూదితో కొద్దిగా లేపి, పిన్ను వెనక్కి లాగి, టేపు చుట్టండి. నల్ల తీగ, సిగ్నల్ తీగ కదపొద్దు. 6 వోల్టుల సర్వోకి 2ఎస్ నేరుగా ఇవ్వకండి, ఫుల్ ఛార్జిలో అది 8.4.

రెండూ 2.4 గిగాహెర్ట్‌జే కదా అని వేరే కంపెనీ రిసీవర్ కొనకండి, ప్రోటోకాల్ కలవకపోతే బైండ్ అవ్వదు (రిమోట్‌తో జతకాదు). యాంటెన్నా నీటిమట్టానికి పైన నిటారుగా ఉండాలి. పడవని స్టాండు మీద పెట్టి, ప్రొపెల్లర్ విప్పి, మోటారు తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) ఆపండి. మోటారు ఆగకపోతే, సిగ్నల్ పోయినప్పుడు దాన్ని ఆపే ఫెయిల్‌సేఫ్ సెట్ చేయలేదన్నమాట.

యానాం, అంతర్వేది వైపు ఉప్పునీళ్ళు, రొయ్యల చెరువులయితే ఆడించాక బ్యాటరీ తీసి, కూలింగ్ గొట్టంతో సహా మంచినీళ్ళతో కడగండి. పడవ మధ్యలో ఆగిపోతే వరద నీళ్ళలోకి దిగొద్దు, గాలం దారానికి టెన్నిస్ బంతి కట్టి విసిరి లాక్కోండి.