రెండో పెళ్లికి ముందు పిల్లల పోషణ డబ్బు విషయంలో జాగ్రత్తలు

శ్రావణ మాసం ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి. సింహాచలంలో హడావుడి లేకుండా రెండో పెళ్లి చేసుకుందామనుకునేవాళ్లు, పంతులుగారితో మాట్లాడే ముందు బీరువాలోంచి విడాకుల డిక్రీ తీసి చదవండి. అందులో పిల్లల గురించి ఏం రాశారో చాలామందికి గుర్తుండదు. మా చెల్లెలికీ గుర్తులేదు. తను మళ్లీ పెళ్లి చేసుకోగానే పిల్లాడికి రావాల్సిన డబ్బు ఆగిపోయింది. అదే రూలేమో అనుకుని ఏడు నెలలు ఊరుకుంది.

రూల్ అది కాదు. పెళ్లితో ఆగేది మాజీ భార్య మనోవర్తి. పిల్లల పోషణ హక్కు వేరు, తల్లి చేసుకున్నా తండ్రి చేసుకున్నా అది పోదు. డిక్రీలో తల్లీబిడ్డలకు కలిపి ఒకే అంకె వేసి ఉంటేనే తలనొప్పి. బిడ్డ వాటా ఎంతో పెళ్లికి ముందే లాయరు చేత విడదీయించండి. వన్‌టైమ్ సెటిల్‌మెంట్ అయితే ఆ మొత్తంలో పిల్లల చదువు కలిసి ఉందో లేదో చూడండి. ‘ఇక ఏమీ అడగను’ అని తల్లి సంతకం పెట్టినంత మాత్రాన బిడ్డ హక్కు మాఫీ అయిపోదు.

మరి లెక్క ఎలా కడతారు? జీతంలో 25 శాతం అని గాజువాక నుంచి మధురవాడ దాకా అందరూ ఠక్కున చెప్పేస్తారు. 2017లో ఒక కేసులో భార్య మనోవర్తికి అంత సబబని సుప్రీంకోర్టు అన్న మాట అది. పిల్లలకు ఇంత శాతమని చట్టంలో ఎక్కడా లేదు. ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది. ఆ కేసులో భర్త మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, బిడ్డ కూడా పుట్టింది. అది చూసి కోర్టు నెలకు 23 వేలున్న మనోవర్తిని 20 వేలు చేసింది. కొత్త సంసారం వస్తే డబ్బు కొంత తగ్గొచ్చు గానీ పూర్తిగా కొట్టేయరు.

2020 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పుల అఫిడవిట్ వేయాలి. బిడ్డ తిండి, బట్టలు, ఇల్లు, వైద్యం, చదువు అన్నీ చూస్తారు. తల్లికీ ఉద్యోగముంటే చదువు ఖర్చు ఆదాయాల దామాషాలో పంచొచ్చు. ఉదాహరణకు షిప్‌యార్డులో పనిచేసే తండ్రికి 80 వేలు, తల్లికి 40 వేలు చేతికొస్తూ, చదువుకు నెలకు 18 వేలవుతుంటే, 12 వేలు ఆయనవి, 6 వేలు ఆమెవి. ఇది అర్థం కావడానికే, జడ్జిగారు ఇలాగే వేస్తారని కాదు. పన్ను, తప్పనిసరి పీఎఫ్ లాంటి కోతలు తీసేసి చూస్తారు. కొత్త ఫ్లాట్ ఈఎంఐ చూపించి చేతిలో ఏమీ మిగలట్లేదంటే మామూలుగా ఒప్పుకోరు. తల్లి రెండో భర్తకు ఈ బిడ్డను పోషించే చట్టపరమైన బాధ్యత లేదు కాబట్టి ఆయన జీతం చూపించి కన్నతండ్రి తప్పించుకోలేడు.

ఒక్క దత్తత విషయంలో మాత్రం తొందరపడొద్దు. స్కూల్లో ఇంటిపేరు మార్చడం వేరు, రెండో భర్త చట్టప్రకారం దత్తత తీసుకోవడం వేరు. దత్తత అయ్యాక పోషణ బాధ్యత ఆయనదే అవుతుంది, కన్నతండ్రిని అడగడానికి ఉండదు.

డబ్బు కట్టే తండ్రులకు: భారం పెరిగితే మీ అంతట మీరు తగ్గించేయకండి, ఫోన్‌లో మాట్లాడుకుని సర్దుకోకండి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144 సెక్షన్ కింద వచ్చిన పోషణ ఆర్డరైతే (పాత సీఆర్‌పీసీలో 125) 146 కింద మార్పు కోసం పిటిషన్ వేయాలి. కొత్త ఆర్డర్ వచ్చేదాకా పాత అంకే కట్టాలి. చేతికి నగదు ఇవ్వొద్దు, బ్యాంకులో వేస్తే రుజువుంటుంది.

తల్లులకు: జూన్ ఫీజుల రసీదులు, ఆటో కిరాయి, మందుల బిల్లులు ఒక ఫైల్లో పెట్టుకోండి. 144 కింద బకాయి వసూలుకు ఆ డబ్బు రావాల్సిన రోజు నుంచి ఏడాదిలోపే దరఖాస్తు చేయాలి. లాయరు ఫీజు భయం వద్దు, ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. మా చెల్లి ఎనిమిదో నెలలో అక్కడికే వెళ్లింది. వాళ్లు మొదట అడిగింది డిక్రీ నకలు. అది అత్తారింట్లోనే ఉండిపోయింది.