టెస్టు రిపోర్టు కోసం ఫోన్ చేస్తే ఇలా అడగండి

రక్తం ఇచ్చి వచ్చాక "రిపోర్టు వచ్చిందా?" అని క్లినిక్‌కు ఫోన్ చేస్తే "ఇంకా లేదండీ" అనేసి పెట్టేస్తారు. ఒక్కోసారి అది ల్యాబ్ నుంచి వచ్చే ఉంటుంది, డాక్టర్ చూడక ఆగి ఉంటుంది. అందుకే రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగండి: ల్యాబ్ నుంచి వచ్చిందా? డాక్టర్ చూశారా? రాలేదంటే శాంపిల్ నంబరు చెప్పి ల్యాబ్‌నే అడిగి కనుక్కోమని క్లినిక్ వాళ్లకు చెప్పండి. రక్తం తీసిన గొట్టానికి అతికించే చీటీ మీద ఆ నంబరు ఉంటుంది, అక్కడే రాసుకుంటే మేలు.

ఎప్పుడు అడగాలన్నది పరీక్షను బట్టి ఉంటుంది. రక్తకణాల లెక్క చాలావరకు ఒక రోజులో తేలిపోతుంది. మూత్రం కల్చర్‌కు, అంటే అందులోని సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షకు, 2, 3 రోజులు కావాలి. సూక్ష్మజీవులు పెరగాలి కదా, వాటిని తొందరపెట్టలేం. క్షయ కల్చర్‌కైతే 6 నుంచి 8 వారాలు కూడా పట్టవచ్చు.

"ఏదైనా తేడా ఉంటే మేమే ఫోన్ చేస్తాం" అన్న హామీని మాత్రం నేను నమ్మను. ఫోన్ రాలేదంటే అంతా బాగుందనుకోవడానికి లేదు, కాగితం ఏ ఫైలులోనో ఇరుక్కుపోయి ఉండవచ్చు. చెప్పిన గడువు దాటిన మర్నాడే అడగండి, మీ కాపీ మీరు తీసుకోండి.