కంటి కబురు చేతికి ఎంతసేపట్లో చేరుతుంది? స్కేలుతో ఇలా కొలవండి

కావలసినవి రెండే: 30 సెంటీమీటర్ల స్కేలు, సాయానికి ఇంకో మనిషి. అరుగు మీద కూర్చుని పావుగంటలో చేసేయొచ్చు. ఫ్యాను కింద మాత్రం వద్దు, స్కేలు వంకరగా పడుతుంది.

1. మోచేయి బల్ల మీద ఆనించి, చెయ్యి అంచు దాటి బయటికి ఉండేలా పెట్టండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు వేళ్లు పట్టేంత ఎడం ఉంచండి.

2. అవతలివాళ్లు స్కేలును 30 అంకె వైపు పట్టుకుని నిలువుగా వేలాడదీయాలి. సున్నా గీత మీ బొటనవేలి పైఅంచుకు సమంగా ఉండాలి.

3. చెప్పకుండా వదలాలి. ‘ఒకటి, రెండు, మూడు’ అన్నారంటే మీరు ముందే ఊహించేస్తారు, ఆ కొలత పనికిరాదు. పడుతున్నట్టు కనబడగానే పట్టుకుని, బొటనవేలి పైఅంచు దగ్గరున్న అంకె రాసుకోండి.

4. పన్నెండుసార్లు చేయండి. మొదటి రెండూ చెయ్యి అలవాటు పడటానికి. మిగతా పదింటి సగటు తీయండి.

10 సెంటీమీటర్లు వస్తే 0.14 సెకను. 15 అయితే 0.175, 20 అయితే 0.20, 25 అయితే 0.23. పడేకొద్దీ స్కేలు వేగం పెరుగుతుంది కాబట్టి దూరం రెట్టింపైనా సమయం రెట్టింపు కాదు.

ఆ 0.20 సెకనులో ఏం జరిగిందో చూడండి. కంటిపొర మీద పడిన వెలుగు నాడీ సంకేతంగా మారి మెదడు వెనక భాగానికి పోయింది. ‘పట్టుకో’ అన్న ఆజ్ఞ వెన్నుపాములోకి దిగింది. అక్కడ, మెడ దగ్గర మొదలైన ఒక్కో నాడీకణం తన పొడవాటి తీగతో చేతి కండరం దాకా వెళ్తుంది. మధ్యలో అతుకు లేదు, ఒకే కణం.

ఆ తీగలో కబురు నడిచే తీరు మన కాలవల తూములు చూసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. కణం బయట సోడియం ఎక్కువ, లోపల తక్కువ. పొరలోని గేటు తెరుచుకోగానే సోడియం దానంతటదే లోపలికి దూకుతుంది. ఆ ఊపుకి పక్క గేటు, దాని తర్వాతది తెరుచుకుంటూ పోతాయి. పల్లానికి వచ్చిన నీటిని తిరిగి పైకి తోడాలంటే ఇంజను కావాలి కదా, కణం పొరలోనూ అలాంటి పంపులున్నాయి. ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తాయి. ఆ ఇంజనుకు పోసే ఆయిలు ఏటీపీ, అంటే కణానికి శక్తినిచ్చే రసాయనం. దాన్ని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో సైరస్ ఫిస్క్‌తో కలిసి యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారు. సుబ్బారావు పుట్టింది 1895లో, మన భీమవరంలోనే. ఈ ప్రయోగం చేసే ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఈ ముక్క చెప్పాలని నా కోరిక.

చేతి నరంలో ఆజ్ఞ సెకనుకు సుమారు 50, 60 మీటర్లు పోతుంది. భుజం నుంచి ముంజేతి దాకా సెకనులో వందో వంతు సరిపోతుంది. మరి మిగతా సమయం ఎక్కడ పోయింది? ఎక్కువ భాగం కంట్లోనూ మెదడులోనూ. నమ్మకం కలగాలంటే ఇంకోటి చేయండి.

5. కళ్లు మూసుకోండి. అవతలివాళ్లు ఒక చేత్తో స్కేలు వదులుతూ, సరిగ్గా అదే క్షణంలో రెండో చేత్తో మీ భుజం తట్టాలి. ఇద్దరికీ కుదరడానికి కాస్త సాధన కావాలి. మా ఇంట్లో చూసి పట్టుకుంటే 19 సెంటీమీటర్లు వచ్చింది, తట్టితే 15. చర్మం మీద ఒత్తిడి పడితే గేటు నేరుగా తెరుచుకుంటుంది. వెలుగైతే కంటికణాల్లో వరసగా కొన్ని రసాయన మార్పులు జరిగాకే కబురు బయల్దేరుతుంది.

6. చివరగా కళ్లు తెరిచి, 100 నుంచి ఏడేసి తీసేస్తూ బయటికి వినబడేలా లెక్కపెడుతూ స్కేలు పట్టండి. నరాలు అవే, కళ్లూ అవే. అయినా చాలామందికి స్కేలు ఇంకా కిందికి జారిపోతుంది, ఒక్కోసారి అందనే అందదు. కాలవగట్టు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి 0.20 సెకనులో రెండు మీటర్లు దాటుతుంది. ఇలా లెక్కపెడుతూ పట్టినప్పుడు మీకొచ్చిన సమయానికి అది ఎన్ని మీటర్లో లెక్కకట్టి, బండి నడుపుతూ ఫోను మాట్లాడేవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకు చూపించండి.