బీమా సంస్థ పక్కన పెట్టే డబ్బు సరిపోతుందా? మరణాల పట్టికతో లెక్క చూసుకోవడం ఎలా?

జీవిత బీమా తీసుకునేటప్పుడు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఈ సంస్థ నూటికి ఎన్ని క్లెయిములు చెల్లించింది? అడగదగ్గ ప్రశ్నే, కానీ దానికి వచ్చే జవాబు నిరుటిది. ఇవాళ 30 ఏళ్ల వయసులో పాలసీ కట్టిన మనిషి ఇంట్లో పాతికేళ్ల తర్వాత డబ్బు అవసరమైతే, ఆ రోజు సంస్థ దగ్గర అది ఉంటుందా? దీనికి జవాబు కావాలంటే ఆ సంస్థ కడుతున్న నిల్వను చూడాలి. భవిష్యత్తులో చెల్లించాల్సిన క్లెయిముల కోసం ఇప్పుడే పక్కన పెట్టే సొమ్మే ఈ నిల్వ. అది ఎంత ఉండాలో తేల్చే లెక్కకు ఆధారం మరణాల పట్టిక.

ఈ పట్టికను, దానితో కట్టే నిల్వను యాక్చువరీలకే, అంటే బీమా లెక్కలు కట్టే నిపుణులకే వదిలేయాల్సిన పనిలేదని నా అభిప్రాయం. కూడికలు, గుణకారాలు, చక్రవడ్డీ తెలిసిన ఎవరైనా చూసుకోగల లెక్క ఇది. కాగితం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

మొదటి అడుగు: పట్టికను చదవడం

భారతదేశంలో బీమా సంస్థలకు ప్రామాణికమైన పట్టిక పేరు 'ఇండియన్ అష్యూర్డ్ లైవ్స్ మోర్టాలిటీ 2012-14'. క్లుప్తంగా ఐఏఎల్ఎం అంటారు. అందులో ఒక పక్క వయసు, పక్కనే ఒక దశాంశం ఉంటాయి. ఆ వయసులో ఉన్నవారు ఏడాది తిరిగేలోపు మరణించే సంభావ్యతే ఆ దశాంశం. కొన్ని వయసులకు చూడండి:

20 ఏళ్లు: 0.000924
30 ఏళ్లు: 0.000977
40 ఏళ్లు: 0.001680
45 ఏళ్లు: 0.002579
50 ఏళ్లు: 0.004436
55 ఏళ్లు: 0.007513
60 ఏళ్లు: 0.011162

దశాంశాలు చూసి కంగారు పడకండి. లక్షతో గుణిస్తే సంగతి తేలికవుతుంది. 30 ఏళ్ల వయసున్న పాలసీదారులు లక్ష మంది ఉంటే ఏడాదిలో సుమారు 98 మంది, 40 ఏళ్లవారైతే 168 మంది, 60 ఏళ్లవారైతే 1,116 మంది మరణిస్తారని పట్టిక అంచనా.

చేయి అలవాటు పడటానికి ఒక చిన్న లెక్క వేద్దాం. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా యోజన కింద 2 లక్షల రూపాయల బీమాకు ఏడాది ప్రీమియం 436 రూపాయలు. 2022 జూన్ 1కి ముందు అది 330. పట్టికలోని రేటును 2 లక్షలతో గుణించండి. 40 ఏళ్లవారికి 336 రూపాయలు, 45 ఏళ్లవారికి 516, 50 ఏళ్లవారికి 887 వస్తుంది. ఖర్చులు కలపకముందు, కేవలం మరణాల కోసం కావాల్సిన సొమ్ము ఇది. అన్ని వయసులవారికీ ఒకే ప్రీమియం ఉన్న ఈ పథకంలో చిన్నవారు కట్టే డబ్బు పెద్దవారి క్లెయిములకు ఆసరా అవుతోందని ఇక్కడే కనిపిస్తుంది. చిన్నవారు చేరడం మానేస్తే పథకం లెక్క తప్పుతుందని కూడా.

రెండో అడుగు: పట్టిక ఎవరిదో తెలుసుకోవడం

ఇది దేశ జనాభా మొత్తం మీద తీసిన లెక్క కాదు. బీమా తీసుకున్నవారి మరణాల లెక్క మాత్రమే. వైద్య పరీక్షలు, ఆరోగ్య ప్రశ్నలు దాటి వచ్చినవారు, ఏటా ప్రీమియం కట్టుకోగల స్తోమత ఉన్నవారు కాబట్టి వీరి మరణాల రేటు సాధారణ జనాభా కంటే తక్కువగా ఉంటుంది. అందుకే జనాభా గణాంకాల పక్కన పెట్టి ఈ పట్టికను తప్పుపట్టడం కుదరదు.

ఎల్ఐసీ 1956 సెప్టెంబరు 1న ఏర్పడిన కొత్తలో ఆధారమైన పట్టిక, ఓరియంటల్ అనే పాత బీమా సంస్థ 1925-35 మధ్య అనుభవం నుంచి తీసింది. తర్వాత ఎల్ఐసీ తన సొంత పాలసీదారుల అనుభవంతో పట్టికలు తయారు చేసుకుంది. వాటిలో 1994-96 పట్టిక చాలాకాలం నడిచింది. ప్రైవేటు సంస్థలు వచ్చాక అందరి సమాచారమూ కలిపి కట్టిన ఐఏఎల్ఎం 2006-08 పట్టిక 2013 ఏప్రిల్ 1 నుంచి, 2012-14 పట్టిక 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. పట్టికను వెలువరించేది ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా. దానికి ఆమోదం తెలిపేది ఐఆర్‌డీఏఐ. దేశమంతటి బీమా రంగాన్ని నియంత్రించే ఈ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే, నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంది.

పాత, కొత్త పట్టికలను పక్కపక్కన పెడితే ఒక విషయం కంటపడుతుంది. 50 ఏళ్ల వయసుకు 2006-08 పట్టికలో రేటు 0.004946, కొత్తదానిలో 0.004436. అంటే పది శాతం తగ్గింది. 40 ఏళ్లకు 0.001803 నుంచి 0.001680కి దిగింది. కానీ 20 ఏళ్లకు మాత్రం 0.000888 నుంచి 0.000924కి పెరిగింది. ఆయుర్దాయం పెరుగుతోంది కదా, కాబట్టి అన్ని వయసుల్లోనూ మరణాలు తగ్గుతాయని అనుకోవడం పొరపాటు. నియంత్రణ సంస్థ కొన్నేళ్లకోసారి పట్టికను మళ్లీ కట్టించడానికి ఇదొక కారణం.

మూడో అడుగు: నిల్వ ఎందుకో చూడటం

ఉదాహరణకు కోటి రూపాయల టర్మ్ పాలసీని, అంటే గడువులోపు మరణిస్తేనే డబ్బు వచ్చే పాలసీని తీసుకోండి. ఒక్క ఏడాది మరణ భారం 30 ఏళ్ల వయసులో 9,770 రూపాయలు, 40లో 16,800, 50లో 44,360, 60లో 1,11,620. కానీ ప్రీమియం మాత్రం మొదటి ఏడాది నుంచి చివరి దాకా ఒక్కటే. అంటే తొలి ఏళ్లలో పాలసీదారు తన వయసుకు అవసరమైన దానికంటే ఎక్కువ కడతాడు, చివరి ఏళ్లలో తక్కువ కడతాడు. ముందు ఎక్కువగా వచ్చిన సొమ్ము సంస్థ లాభం కాదు. అది చివరి ఏళ్ల కోసం దాచాల్సిన గాదెలోని ధాన్యం. దాన్ని లాభంగా చూపించి పంచేస్తే, పాలసీదారులకు వయసు మీరే నాటికి గాదె ఖాళీ అవుతుంది.

నాలుగో అడుగు: నిల్వను స్వయంగా కట్టడం

ఓపికగా చేయాల్సిన అడుగు ఇదే. ఒక పాలసీదారు వయసు 50. ఆయన టర్మ్ పాలసీకి ఇంకా మూడేళ్లు మిగిలి ఉంది. బీమా మొత్తం 10 లక్షలు. ప్రతి ఏడాది మొదట్లో 4,000 రూపాయల ప్రీమియం కడతాడు. వడ్డీ 6 శాతం అనుకుందాం. క్లెయిము ఏడాది చివర చెల్లిస్తారనుకుందాం. సంస్థ ఖర్చులను ప్రస్తుతానికి వదిలేద్దాం.

51, 52 ఏళ్లకు పట్టికలో విడిగా రేట్లు ఉంటాయి. ఇక్కడ లెక్క తేలిగ్గా సాగడానికి 50, 55 వయసుల రేట్ల మధ్య తేడాను ఐదు సమభాగాలు చేసి, 51కి 0.005051, 52కి 0.005667 తీసుకుంటున్నాను.

ముందు సంస్థ చెల్లించాల్సింది చూడండి. మొదటి ఏడాది: 0.004436ను 10 లక్షలతో గుణిస్తే 4,436. అది ఏడాది తర్వాత ఇచ్చే డబ్బు కాబట్టి 1.06తో భాగించాలి. 4,185 వస్తుంది. రెండో ఏడాది క్లెయిము రావాలంటే ఆయన మొదటి ఏడాది బతికి ఉండాలి. ఆ సంభావ్యత 1లోంచి 0.004436 తీసేస్తే వచ్చే 0.995564. దాన్ని 0.005051తోను, 10 లక్షలతోను గుణిస్తే 5,029. రెండేళ్ల వడ్డీ తీసేస్తే, అంటే 1.06తో రెండుసార్లు భాగిస్తే 4,475. మూడో ఏడాది: రెండేళ్లు బతికి ఉండే సంభావ్యత 0.990535, దాన్ని 0.005667తో, 10 లక్షలతో గుణిస్తే 5,613. మూడేళ్ల వడ్డీ తీసేస్తే 4,713. మూడూ కలిపితే 13,373 రూపాయలు.

ఇప్పుడు సంస్థకు రావాల్సింది. ఇవాళ కట్టే 4,000 పూర్తిగా వస్తుంది. వచ్చే ఏడాది ప్రీమియం ఆయన బతికి ఉంటేనే వస్తుంది. వడ్డీ కూడా తీసేస్తే దాని నేటి విలువ 3,757. ఆపై ఏడాదిది 3,526. మొత్తం 11,283.

చెల్లించాల్సిన దాంట్లోంచి రావాల్సింది తీసేయండి. 13,373 నుంచి 11,283 పోగా 2,090 రూపాయలు. ఈ ఒక్క పాలసీకి ఇవాళ సంస్థ పక్కన పెట్టి ఉంచాల్సిన నిల్వ ఇది. నిజమైన లెక్కలో ఖర్చులు, మధ్యలో పాలసీలు ఆపేసేవారు, బోనసులు కూడా చేరతాయి. పద్ధతి మాత్రం ఇదే.

ఐదో అడుగు: రేటు మార్చి చూడటం

ఇప్పుడు మూడు రేట్లనూ పది శాతం పెంచి మళ్లీ లెక్క కట్టండి. నిల్వ 3,426 రూపాయలు అవుతుంది. పది శాతం తగ్గించి కట్టండి. 754కు పడిపోతుంది.

ఈ మూడు అంకెల దగ్గర కాసేపు ఆగండి. పాలసీ మారలేదు, మనిషి మారలేదు, వడ్డీ మారలేదు. మరణాల రేటు పది శాతం పెరిగితే నిల్వ 64 శాతం పెరిగింది. పది శాతం తగ్గితే దాదాపు మూడింట రెండు వంతులు మాయమైంది. రావాల్సినదానికీ చెల్లించాల్సినదానికీ ఉన్న తేడాయే నిల్వ కాబట్టి, ఒక వైపు కొద్దిగా కదిలినా తేడా చాలా కదులుతుంది. ఏ పట్టిక వాడాలో, అందులో ఎంత శాతం తీసుకోవాలో సంస్థ ఇష్టానికి వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. నా దృష్టిలో బీమా నియంత్రణకు ఇది ఆయువుపట్టు.

అందుకే నిబంధనలు ఇలా ఉన్నాయి. ప్రతి జీవిత బీమా సంస్థకూ ఒక అపాయింటెడ్ యాక్చువరీ ఉండాలి. ఆ నియామకానికి ఐఆర్‌డీఏఐ ఆమోదం కావాలి. మరణాల రేట్లను ప్రచురిత పట్టికను ఆధారం చేసుకునే చెప్పాలి. సంస్థ సొంత అనుభవం వేరుగా ఉంటే 'పట్టికలో ఇంత శాతం' అని తీసుకోవచ్చు, కానీ దానికి సమాచారం చూపాలి. అంచనా మీద, పరిస్థితి ఎదురు తిరిగితే తట్టుకోవడానికి కొంత అదనపు భారం కలపాలి. ఆ భారం నిల్వను పెంచే దిశలోనే ఉండాలి. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ మరణాలు పెరిగినప్పుడు చాలా సంస్థలు విడిగా అదనపు నిల్వలు పెట్టుకోవాల్సి వచ్చింది. 2012-14 నాటి అనుభవంలో అటువంటి ఏడాది లేదు మరి.

ఆరో అడుగు: మీ సంస్థ లెక్కను తెరిచి చూడటం

ప్రతి జీవిత బీమా సంస్థా తన వెబ్‌సైటులో 'పబ్లిక్ డిస్‌క్లోజర్స్' అనే విభాగం ఉంచాలి. అందులో ఎల్-42 అనే ఫారం కోసం చూడండి. నిల్వల లెక్కకు సంస్థ వాడిన అంచనాలన్నీ అందులో ఉంటాయి: వడ్డీ, మరణాల రేటు, ఖర్చులు. మరణాల రేటు దగ్గర ఐఏఎల్ఎం 2012-14 పేరు, దాని పక్కన శాతాలు కనిపిస్తాయి. ఒక్కో రకం పాలసీకి కనిష్ఠం, గరిష్ఠం ఇస్తారు. కిందటి ఏడాది అంకెలు కూడా పక్కనే ఉంటాయి.

శాతం వందకు తక్కువ ఉందని వెంటనే అనుమానించకండి. పొగ తాగనివారికి, పూర్తి వైద్య పరీక్షలు చేసి ఇచ్చే పెద్ద మొత్తాల పాలసీల్లో మరణాలు నిజంగానే తక్కువగా ఉండవచ్చు. వైద్య పరీక్ష లేకుండా ఇచ్చే చిన్న పాలసీలకు వందకు మించి ఉండటమూ సహజమే. గమనించాల్సింది మార్పును. నిరుడు ఉన్న శాతం ఈ ఏడాది బాగా తగ్గి, అదే ఏడాది లాభం బాగా పెరిగి ఉంటే, ఆ లాభంలో ఎంత భాగం ఈ మార్పు వల్ల వచ్చిందో అడగాల్సిందే. ఐదో అడుగులో వేసిన లెక్క మీకు ఇక్కడ అక్కరకొస్తుంది.

తర్వాత ఎల్-32 చూడండి. సాల్వెన్సీ నిష్పత్తి, అంటే సంస్థ దగ్గర ఉన్న మిగులు ఆస్తులకూ నియమం ప్రకారం ఉండాల్సిన మిగులుకూ మధ్య నిష్పత్తి, అందులో ఉంటుంది; 150 శాతానికి తగ్గకూడదన్నది నియమం. చాలామంది ఈ ఒక్క అంకె చూసి తృప్తిపడతారు. నేనైతే ఎల్-42 చూడకుండా దీన్ని నమ్మను. నిల్వ తక్కువగా కడితే మిగులు ఆస్తులు ఎక్కువగా కనిపిస్తాయి. పైగా కావాల్సిన సాల్వెన్సీ మొత్తాన్ని కూడా చాలావరకు నిల్వల మీదే లెక్కిస్తారు కాబట్టి అదీ తగ్గుతుంది. అంటే తక్కువ నిల్వ ఈ నిష్పత్తిని రెండు వైపుల నుంచీ పెంచి చూపిస్తుంది.

పెన్షన్ పాలసీ అయితే

లెక్క తిరగబడుతుంది. బతికి ఉన్నన్నాళ్లూ నెలనెలా డబ్బిచ్చే యాన్యుటీలో సంస్థకు భయం మరణాలు పెరుగుతాయని కాదు, జనం అనుకున్నదానికంటే ఎక్కువ కాలం బతుకుతారని. కాబట్టి అక్కడ రేట్లను తగ్గించి చూడటమే జాగ్రత్త. దానికి వేరే పట్టిక ఉంది: 'ఇండియన్ ఇండివిడ్యువల్ యాన్యుటెంట్స్ మోర్టాలిటీ టేబుల్ 2012-15'. ఎల్-42లో యాన్యుటీల వరుసకు వచ్చేసరికి ఈ పేరు ఉందో లేదో చూడండి. ఇక్కడ శాతం నిరుటి కంటే పెరిగి ఉంటే, సంస్థ తన పెన్షనుదారులు త్వరగా మరణిస్తారని లెక్కేసుకుని నిల్వ తగ్గించుకుందన్నమాట. అటువంటిది కనబడితే కారణమేమిటని సంస్థను రాతపూర్వకంగా అడగండి.