డాలస్‌లో మొదటి ఇల్లు: నల్లగొండ, పాలమూరు నుంచి వచ్చే మనవాళ్లకు

నల్లగొండలో ఇల్లు కిరాయికి తీసుకోవాలంటే టులెట్ బోర్డు చూస్తాం, పైన ఉండే ఓనర్ ఆంటీతో నాలుగు మాటలు మాట్లాడతాం, అడ్వాన్సు ఇస్తాం. ఖాళీ చేసేటప్పుడు నెల ముందు చెబితే చాలు, సున్నం వేయించాలని కొంత పట్టుకొని మిగతాది చేతిలో పెడతారు. డాలస్ చుట్టుపక్కల పెద్ద అపార్టుమెంట్లలో ఓనర్ ముఖం ఎవరికీ తెలియదు. లీజింగ్ ఆఫీసులో కూర్చున్న అమ్మాయి నవ్వుతూ ఏం ఒప్పుకున్నా, అది లీజులో లేకపోతే లెక్కలోకి రాదు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ కుర్చీలో ఇంకొకరు ఉంటారు. అందుకే ఏ హామీ అయినా కనీసం ఈమెయిల్‌లో రాయించుకోండి.

ఇంకా దేవరకొండలోనో వనపర్తిలోనో ఉండగానే ఫోటోలు చూసి డబ్బు పంపకండి. "ఓనర్ ఊళ్లో లేడు, డిపాజిట్ కొడితే తాళం కొరియర్ చేస్తాం" అన్నారంటే అది మోసమే. మొదటి రెండు వారాలకు తెలిసినవాళ్ల గదిలో సర్దుకొని, కళ్లతో చూశాకే సంతకం పెట్టండి.

లీజు నలభై పేజీలున్నా నోటీసు ఎన్ని రోజులో వెతికి చదవండి. చాలాచోట్ల 60 రోజులు. గడువు దాటగానే లీజు దానంతటదే అయిపోతుందనుకొని ఊరుకుంటే, నెలనెలా లీజుగా మారి కిరాయి పెరుగుతుంది. మధ్యలో వదిలేస్తే రీలెట్టింగ్ చార్జీ, అంటే ఇల్లు మళ్లీ ఇంకొకరికి ఇచ్చే ఖర్చు, ఉంటుంది. అది కట్టినా, కొత్త మనిషి దొరికేదాకా కిరాయి మీ మెడ మీదే ఉండొచ్చు. ఇక నలుగురు కలిసి సంతకం పెడితే కిరాయి మొత్తానికి నలుగురిలో ప్రతి ఒక్కరూ బాధ్యులే. ఒక తమ్ముడు ఉద్యోగం వచ్చి ఇంకో రాష్ట్రం వెళ్లిపోతే అతని వాటా మిగిలిన ముగ్గురి మీద పడుతుంది. స్నేహం ఎంత గట్టిదైనా, వెళ్లేవాడు తన బదులు మనిషిని చూపించి ఆఫీసులో పేరు మార్పించాలని ముందే మాట్లాడుకోండి. అలా మాట్లాడుకోక ముఖాలు చూసుకోని మనవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు.

తాళం చేతికి రాగానే సామాను దించకముందే ఫోన్ తీయండి. కార్పెట్ మరకలు, కిటికీ తెరలు, ఫ్రిజ్ లోపల, స్టవ్ కింద, బాత్‌రూమ్ సింక్ కింద చెమ్మ, అన్నీ తేదీ పడేలా ఫోటో తీయండి. ఇంటి పరిస్థితి రాసే ఫారం ఒకటిస్తారు, చాలా లీజుల్లో దానికి 48 గంటలే గడువు. ఖాళీగా తిరిగిచ్చారో, పాత మరకలన్నీ మీ ఖాతాలోకే. ఖాళీ చేసేటప్పుడు కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇవ్వండి. టెక్సస్ చట్టం ప్రకారం 30 రోజుల్లో డిపాజిట్ వెనక్కి ఇవ్వాలి, కోస్తే దేనికి కోశారో లెక్క చూపాలి. చిరునామా ఇవ్వనంతవరకూ ఆ బాధ్యత వాళ్లపై ఉండదు.

కరెంటు ఇంకో చిక్కు. మన దగ్గర దక్షిణ డిస్కం తప్ప ఇంకోటి లేదు. ఇక్కడ గార్లండ్, డెంటన్ లాంటి సొంత కరెంటున్న ఊళ్లు వదిలేస్తే, కంపెనీని మీరే ఎంచుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వమే నడిపే పవర్ టు చూజ్ సైట్‌లో రేట్లు ఉంటాయి. పైన కనబడే తక్కువ రేటుకు పడిపోకండి. ప్రతి ప్లానుకూ ఒక వివరపత్రం ఉంటుంది, అందులో 500, 1,000, 2,000 యూనిట్లకు వేర్వేరు సగటు ధరలు రాసి ఉంటాయి. కొన్ని ప్లాన్లలో 1,000 యూనిట్లు దాటితేనే బిల్లులో పెద్ద తగ్గింపు వస్తుంది. 980 వాడారా, ఆ తగ్గింపు మొత్తం పోతుంది. ఇద్దరు ముగ్గురే ఉండే ఇంట్లో చలి తగ్గాక, ఎండలు ముదరకముందు అంత కాలదు. నన్నడిగితే మడతలు లేని ఒకే రేటు ప్లానే నయం. ఇల్లు మారుతుంటే ప్లాన్ మధ్యలో ఆపినా రద్దు రుసుము వేయకూడదని టెక్సస్ నిబంధన ఉంది, అడగండి. సోషల్ సెక్యూరిటీ నంబరు, క్రెడిట్ చరిత్ర లేని కొత్తవాళ్లను డిపాజిట్ అడుగుతారు, దానికి కొంత పక్కన పెట్టుకోండి. కరెంటు ఖాతా నంబరు, రెంటర్స్ ఇన్సూరెన్స్ (కిరాయిదారు తీసుకునే బీమా) కాగితం చూపకపోతే చాలాచోట్ల తాళమే ఇవ్వరు.

ఆషాఢంలో ఇల్లు మారొద్దని అమ్మ పట్టుబడితే లీజు మొదలయ్యే తేదీనే శ్రావణానికి జరిపించండి. లేదంటే ఖాళీ ఇంటికి కిరాయి కట్టాలి. ముహూర్తం మాత్రం ఊరి గడియారంతో చూడకండి. ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా.

వంటింట్లో ఇంటి మిక్సీ పనికిరాదు. మనది 230 వోల్టులు, ఇక్కడ 120. ఇండియన్ స్టోర్లో 110 వోల్టుల మిక్సీ దొరుకుతుంది. తపాలచెక్క కాల్చే గుండ్రటి గిన్నె కూడా పెట్టెలో పెట్టకండి, గాజు పొయ్యి మీద అడుగు ఆనక వేడెక్కదు. పోపు పెడితే స్మోక్ అలారం మోగుతుంది. దాని బ్యాటరీ మాత్రం పీకకండి, పొయ్యి మీది ఫ్యాన్ వేసి కిటికీ తీయండి. కప్పుకు ఉండే స్ప్రింక్లర్ మొనకు హ్యాంగర్ తగిలించడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. అది విరిగితే నీళ్లు ఆగవు, కింది ఇంటివాళ్ల కార్పెట్ బిల్లు కూడా మీకే.

నీళ్ల గురించి, ఫ్లోరైడ్ బాధ తెలిసిన మర్రిగూడ వైపు నుంచి వచ్చినవాళ్లు తప్పక అడుగుతారు. అమెరికాలో చాలా ఊళ్లు పళ్ల కోసం కావాలనే ఫ్లోరైడ్ కలుపుతాయి. సిఫారసు చేసిన మోతాదు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన 1.5 హద్దులో సగం కూడా కాదు. కుళాయి నీళ్లు ధైర్యంగా తాగొచ్చు.

ఇల్లు మారిన ప్రతిసారీ 10 రోజుల్లో ప్రభుత్వానికి కొత్త చిరునామా తెలపాలి. ఎఫ్-1 వీసా మీద చదివే పిల్లలు కాలేజీలోని ఇంటర్నేషనల్ ఆఫీసుకు చెబితే వాళ్లే సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ రికార్డులో, ఎక్కిస్తారు. హెచ్-1బీ వాళ్లు ఏఆర్-11 ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. పోస్టాఫీసులో చిరునామా మార్చినంత మాత్రాన ఇది జరిగినట్టు కాదు, రెండూ వేర్వేరు పనులు.