నూట యాభై గజాల్లో వెలుతురు నిండిన డూప్లెక్స్‌ను ఎలా ప్లాన్ చేసుకోవాలి?

హైదరాబాదు శివార్లలో మధ్యతరగతి కుటుంబం కొనుక్కోగలిగిన ప్లాటు చాలావరకు నూట యాభై గజాలకు అటూ ఇటూగా ఉంటుంది: వెడల్పు 30 అడుగులు, లోతు 45 అడుగులు. కొన్ననాటికి రెండు పక్కలా ఖాళీ స్థలమే కనిపిస్తుంది కాబట్టి ఎటు కిటికీ పెట్టినా గాలీ వెలుతురూ వస్తాయనుకొని ప్లాను గీయిస్తాం. మా తమ్ముడూ అలాగే కట్టుకున్నాడు. నాలుగేళ్లలో ఇరుపక్కలా మూడేసి అంతస్తులు లేచాయి. ఇప్పుడు పట్టపగలు పన్నెండింటికి ట్యూబ్‌లైటు వేస్తే తప్ప వాళ్ల భోజనాల బల్ల మీద చారులో కరివేపాకు కనిపించదు. అందువల్ల పక్క ప్లాట్లలో ఇవాళే ఇళ్లు లేచాయనుకొని ప్లాను మొదలుపెట్టాలి. ఇక్కడ తూర్పు ముఖం ప్లాటును ఉదాహరణగా తీసుకుంటున్నాను.

1. చీకటి ఎక్కడ పడుతుందో ముందు లెక్క కట్టండి

నూట యాభై గజాలంటే సుమారు 125 చదరపు మీటర్లు. 2012 నాటి జీవో 168 (భవన నిర్మాణ నిబంధనల ప్రభుత్వ ఉత్తర్వు) ప్రకారం ఈ కొలత ప్లాటులో, 12 మీటర్లకు మించని రోడ్డు మీద, పది మీటర్ల ఎత్తు లోపు కట్టే ఇంటికి ముందు మీటరున్నర, తక్కిన మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. వదిలేసిన తరువాత మిగిలేది సుమారు 23 అడుగుల వెడల్పు, 36 అడుగుల లోతు. ప్లాను గీయించే ముందు, ఇప్పుడు అమలులో ఉన్న నిబంధనలను మీ వార్డు కార్యాలయంలో మరోసారి సరిచూసుకోవాలి.

కిటికీ పైఅంచు నేల నుంచి ఎంత ఎత్తున ఉంటుందో, అంతకు రెట్టింపు దూరం వరకే గదిలో పనికొచ్చే వెలుతురు అందుతుంది. పైఅంచు ఏడడుగులైతే వెలుతురు పద్నాలుగు, పదిహేను అడుగులు లోపలికి వస్తుంది. ముందు నుంచి పదిహేను, వెనుక నుంచి పదిహేను తీసేస్తే, 36 అడుగుల ఇంటి నడుమ ఆరడుగుల పట్టీ చీకట్లో మిగిలిపోతుంది. మీటరు సందులోకి తెరుచుకునే పక్క కిటికీలు గాలికి కొంత పనికొస్తాయి గాని, వాటిని నమ్ముకొని అక్కడ చదువుకునే బల్ల వేయకూడదు.

2. ఆ చీకటి పట్టీలోనే మెట్లనూ ఆకాశాన్నీ పెట్టండి

ప్లానంతటికీ కీలకం ఇదే కాబట్టి హాలు, పడక గదుల కంటే ముందు దీన్నే తేల్చుకోవాలి. ఇంటి నడుమ ఆరడుగులు ఇంటూ ఎనిమిది అడుగుల జాగాను నేల నుంచి పైదాకా ఓపెన్ టు స్కైగా, అంటే పైకప్పు లేకుండా వదిలి, దాని పక్కనే మెట్లు పెట్టించండి. మన పాత మండువా ఇళ్లలో నడుమ వాకిలి చేసిన పనే ఇదీ చేస్తుంది. కొలత మాత్రమే చిన్నది. మూడడుగుల డక్టుతో (గాలి పోయే నిలువు సందుతో) సరిపెడతామని కొందరు మేస్త్రీలు అంటారు, కానీ మూడడుగుల డక్టు స్నానాల గదుల వాసన పోవడానికే తప్ప వెలుతురుకు చాలదు. లోపలి గోడలకు తెల్ల రంగు వేసి, పైన ఇనుప గ్రిల్లు బిగించి, నేలను రెండంగుళాలు దించి, వాన నీరు పోవడానికి జాలీ మూతతో పైపు పెట్టించాలి.

మెట్ల లెక్క కూడా ఇప్పుడే చూసుకోవాలి. అంతస్తు ఎత్తు పది అడుగులైతే, మెట్టుకు ఏడంగుళాల ఎత్తు చొప్పున పదిహేడు మెట్లు వస్తాయి. మూడడుగుల వెడల్పుతో, నడుమ ల్యాండింగుతో రెండు వరుసలుగా వేస్తే ఏడడుగులు ఇంటూ పన్నెండున్నర అడుగులలో ఇమిడిపోతాయి. స్థలం కలిసొస్తుందని మెట్టును ఎనిమిది, తొమ్మిది అంగుళాలకు పెంచేస్తే మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పై అంతస్తు ముఖం చూడరు.

మెట్ల మీది హెడ్‌రూమ్‌కు (మెట్లు డాబా మీదికి చేరే చోట కట్టే చిన్న గదికి) అద్దాల కప్పు వేయించవద్దు. మే 9న, ఆగస్టు 3న మధ్యాహ్నం హైదరాబాదులో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రోజుల్లో నిలువుగా పాతిన కర్రకు నీడ పడదు. అటువంటి ఎండకు అద్దాల కప్పు వేస్తే మెట్లదారి పొయ్యి అవుతుంది. దానికి బదులు హెడ్‌రూమ్ ఉత్తరపు గోడలో, స్లాబుకు ఆనుకొని, నిలువు కిటికీలు పెట్టండి. ఈ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు సూర్యుడు కొద్దిగా ఉత్తరానికి ఒరుగుతాడు కాబట్టి ఒకటిన్నర అడుగుల సజ్జా సరిపోతుంది. ఈ కిటికీలను రాత్రిపూట తెరిచి ఉంచితే కింది గదుల వేడి గాలి మెట్లదారి గుండా పైకెక్కి బయటికి పోతుంది.

వాస్తు పట్టింపు ఉన్నవారికి ఇందులో ఇబ్బంది ఉండదు. బ్రహ్మస్థానం ఖాళీగా ఉండాలన్నా, నైరుతి బరువుగా ఉండాలన్నా ఈ ప్లాను కుదురుతుంది. మెట్లను ఆకాశపు జాగాకు దక్షిణం వైపు వేస్తే చాలు.

3. గదులను ముగ్గుపిండితో నేల మీద గీయండి

కింద హాలు, వంటగదితో కలిసిన భోజనాల జాగా, పెద్దవాళ్లకు ఒక పడక గది, కారుకు తొమ్మిది ఇంటూ పదిహేను అడుగులు. పైన రెండు పడక గదులు, మెట్ల ముందు పిల్లల చదువు బల్ల, కారు మీద బాల్కనీ. అంతా కలిపి సుమారు 1,350 చదరపు అడుగులు.

కాగితం మీద పది ఇంటూ పన్నెండు గది ఎంతో విశాలంగా కనిపిస్తుంది. అందుకే పునాది తవ్వకముందే, ఒక ఆదివారం పొద్దున, టేపు పట్టుకొని అసలు కొలతలతో ముగ్గుపిండి గీతలు వేయండి. మంచం కొలతకు దుప్పటి పరచి, బీరువా తలుపు ఎంతవరకు తెరుచుకుంటుందో చేయి చాపి చూడండి. వంటగది గీతల నడుమ ఇల్లాలూ అత్తగారూ ఇద్దరూ నిలబడి ఒకరినొకరు దాటుకొని నడవాలి. తలుపు ఎటు తెరుచుకోవాలన్నది ఆ గీతల మధ్య నిలబడితేనే తెలుస్తుంది, అక్కడ మార్చుకోవడానికి పైసా ఖర్చు లేదు.

4. పడమటి గోడను ఎండకు వదలకండి

సాయంత్రపు ఎండ అడ్డంగా పడుతుంది కాబట్టి పడమటి కిటికీకి ఎంత సజ్జా వేసినా ఆగదు. ఆ గోడకు స్నానాల గదులు, బట్టల అల్మారాలు ఆనించండి. గోడ తొమ్మిది అంగుళాల ఇటుకతో గాని, ఎనిమిది అంగుళాల ఏఏసీ బ్లాకుతో (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు ఇటుకతో) గాని కట్టించండి. అలాగని పూర్తిగా మూసేయకూడదు, ఎందుకంటే వానాకాలపు గాలి మనకు ఎక్కువగా పడమర, నైరుతి నుంచే వస్తుంది. సన్నని ఎత్తైన కిటికీ ఒకటి, జాలీ ఒకటి చాలు. మిగతా గదుల్లో కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో ఆరో వంతు ఉంటే మంచిది. దోమతెర గాలిని కొంత ఆపుతుంది కాబట్టి ఇంకా తక్కువ పెట్టవద్దు.

5. చెమ్మ చేరకుండా చూడండి

రోడ్డు వేసినప్పుడల్లా మన వీధులు ఎత్తు పెరుగుతాయి. ప్లింత్ (ఇంటి నేల మట్టం) ఇప్పటి రోడ్డుకు కనీసం రెండడుగులు పైన ఉండకపోతే పదేళ్లకు వాన నీళ్లు గుమ్మం తడతాయి. స్నానాల గదులను కిందా పైనా ఒకదాని మీద ఒకటి పెట్టించండి. పైపులు తగ్గుతాయి, లీకేజీ వస్తే వెతికే చోటూ ఒక్కటే అవుతుంది. టైల్స్ వేయడానికి ముందు గదిలో నీళ్లు కట్టి రెండు రోజులు ఉంచి, కింద సీలింగు తడిసిందేమో చూడాలి.

6. ఖర్చును ఎక్కడ తగ్గించాలి?

స్టీలులో, సిమెంటులో, క్యూరింగులో (కాంక్రీటును నీళ్లతో తడపడంలో) పొదుపు వద్దు. పిల్లర్లు రెండంతస్తులకూ ఒకే వరుసలో నిలిస్తే, పైగోడలు కింది బీముల మీదే కూర్చుంటే స్టీలు దానంతట అదే తగ్గుతుంది. కిటికీలను రెండే కొలతలకు పరిమితం చేయండి. ఎలివేషను (ఇంటి ముందు ముఖం) కోసం అతికించే రాళ్లు, ఫాల్స్ సీలింగు, డబుల్ హైట్ హాలు ఈ బడ్జెట్టుకు అనవసరం. డబుల్ హైట్ హాలు పై అంతస్తులో ఒక గదిని మింగేస్తుంది, పైగా దాని ఏసీ బిల్లు వేరు. గీతలోనే వంద చదరపు అడుగులు తగ్గించగలిగితే, అడుగుకు రెండు వేల రూపాయలనుకున్నా రెండు లక్షలు మిగులుతాయి. నేలకు పాలిష్ పట్టించిన తాండూరు బండలు వేస్తే వేసవిలో కాళ్లకు చల్లగా ఉంటాయి.

మిగిలిన డబ్బులో కొంత డాబా మీద పెట్టండి. తెలంగాణ 2023–28 కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టే చల్లని కప్పు) విధానం ఆరు వందల గజాల లోపు ఇళ్లకు తప్పనిసరి కాదు గాని, పై అంతస్తులో పడుకునేవారికి అది అవసరమే. తెల్లని కూల్ రూఫ్ పెయింటు రెండు పూతలు గాని, తెల్ల టైల్స్ ముక్కలు గాని వేయించి, ప్రతి ఫిబ్రవరి చివర దుమ్ము కడిగించండి.