ఎంక్వైరీ రిపోర్టు దొరికితే ముందు ఏ పేజీ తిప్పాలి

2015 ఏప్రిల్ మొదట్లో సూర్యాపేట బస్టాండులో పోలీసుల మీద కాల్పులు జరిగినప్పుడు మా నల్లగొండలో హోటల్‌కొక కథ నడిచింది. అప్పటినుంచి నాకు ఇలాంటి ఘటనల మీద వచ్చే ఎంక్వైరీ రిపోర్టులు చదివే పిచ్చి పట్టుకుంది. ఇప్పుడు గ్రూప్స్‌కి చదివే పిల్లలు వచ్చి, వందల పేజీలు ఎక్కడ మొదలుపెట్టాలి సార్ అంటుంటారు. సారాంశంతో మాత్రం వద్దు.

ముందు విచారణాంశాలు, అంటే ఏమేం విచారించమన్నారో రాసిన భాగం, చూడండి. ఒకట్రెండు పేజీలే ఉంటాయి, అందరూ దాటేసేది అవే. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది, ఆ తర్వాత పోలీసు కాల్పులు జరిగాయి. జస్టిస్ భాస్కరరావు కమిషన్‌ను వేసింది ఆ కాల్పుల మీద, అందులో బాంబు ఎవరు పెట్టారని వెతికితే మీ పొద్దు దండగ. 26/11 ముంబై దాడుల మీద రామ్ ప్రధాన్ కమిటీదీ అదే సంగతి: వేసింది మహారాష్ట్ర ప్రభుత్వం, చూడమన్నది పోలీసుల పనితీరు. కేంద్ర నిఘా సంస్థలను అది తప్పుపట్టలేదంటే వాటి తప్పు లేదని కాదు, అవి దాని పరిధిలోనే లేవు.

1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద వేశారా, ఉత్త జీవో కమిటీనా అన్నది కూడా చూసుకోండి. చట్టం కింద వేస్తే సమన్లిచ్చి సాక్షులను పిలిపించవచ్చు, రిపోర్టు అందిన ఆరు నెలల్లో ఏం చర్య తీసుకున్నారో రాసిన మెమోతో సహా అసెంబ్లీ లేదా పార్లమెంటు ముందు పెట్టాలి. సిఫారసులు పాటించి తీరాలని మాత్రం ఎక్కడా లేదు.

ఇక అసలు పని. నోట్‌బుక్ పేజీకి నడుమ గీత కొట్టి, ఎడమ పక్క టైము, కుడి పక్క ఆ నిమిషానికి ఎవరికి ఏం తెలుసో రాయండి. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ అరీనా అనే హాలులో జరిగిన బాంబు దాడి రిపోర్టుతో ప్రాక్టీస్ చేయండి, ఆన్‌లైన్‌లో ఉచితం. 2017 మే 22 రాత్రి 10:31కి పేలుడు, చనిపోయింది 22 మంది. మొదటి 40 నిమిషాలు పేలుడు జరిగిన చోట ఉన్నది ఒకే ఒక్క పారామెడిక్ (అంబులెన్స్‌లో వచ్చి చికిత్స చేసేవాడు). దెబ్బలు తగిలినవాళ్లను బారికేడ్ల మీద, ప్రకటనల బోర్డుల మీద మోశారు. ఫైర్ సిబ్బంది వచ్చింది 12:37కి, అంటే రెండు గంటల ఆరు నిమిషాల తర్వాత! అప్పటిదాకా ఎక్కడున్నారయ్యా అంటే, లోపల తుపాకీవాడు ఉన్నాడేమోనన్న అనుమానంతో మూడు మైళ్ల అవతల స్టేషన్లో జమై కూర్చున్నారు. కుడి పక్క గడి నింపుతుంటే ఎవరు ఎవరికి ఫోన్ చేయలేదో మీకే కనబడుతుంది.

"సమన్వయ లోపం", "సమాచారం అందజేయబడలేదు" లాంటి మాటల కింద ఎర్ర గీత కొట్టండి. అందజేయాల్సింది ఎవరు? హోదా రాయలేదంటే అక్కడ ఎవరినో కాపాడుతున్నారేమోనని నాకు డౌటు.

రిపోర్టు దొరక్కపోతే పది రూపాయల ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తు ఉంది. నేను ఒకసారి "పూర్తి వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఒక ఆఫీసు నుంచి ఒక్క లైనులో "ఇవ్వలేము" అని వచ్చింది. తప్పు నాదే. సభలో పెట్టిన తేదీ, చర్యల మెమో కాపీ అని విడివిడిగా అడగండి. భద్రత పేరు చెప్పి, ఇవ్వనక్కర్లేని సమాచారం ఏదో చెప్పే సెక్షన్ 8 చూపిస్తారు, అందుకే దరఖాస్తులోనే సెక్షన్ 10 ప్రకారం రహస్యమైనవి తీసేసి మిగతా పేజీలు ఇమ్మని రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు, మన దగ్గర దానికి ఫీజు లేదు.